శీతకాలపు టైర్లు, వచ్చిపోవు కంపము

మంచు కురియు దేశములలో కారు గల గృహస్థునకు సంవత్సరమున రెండు పర్యాయములు చక్రములు మార్పించుకొనుట తప్పనిసరి పనులలో నొకటి. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున డిసెంబరు 1వ తేదీ మొదలు మార్చి 15వ తేదీ వఱకు అక్కడి కార్లను శీతకాలపు టైర్లు లేకుండ నడుపుట చట్టవిరుద్ధము. జర్మనీలో తేదీల నిర్బంధము లేదు గాని, బాటపై మంచో గడ్డకట్టిన నీటిపొరయో ఉన్నపుడు అట్టి టైర్లే ఉండవలెనని నియమము. దీనికి మూలము రబ్బరు స్వభావమునందే కలదు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల ప్రాంతమునకు దిగినది మొదలు వేసవి టైరు రబ్బరు బిగుసుకొని, బాటను పట్టుకొను శక్తిని క్రమముగా కోల్పోవును. శీతకాలపు టైరు సున్నకు ఎంతో దిగువను సైతము మెత్తదనమును విడువదు. దాని దిమ్మెలు లోతైనవి, ప్రతి దిమ్మె మీదను సన్నని కోతలుండి మంచును కఱచి పట్టును. ఫిన్లండులోని నోకియా పట్టణపు టైర్ల తయారీదారులు 1934లో లారీల కొఱకును, 1936లో కార్ల కొఱకును ఇట్టి టైర్లను రూపొందించిన పిమ్మట, ఉత్తరదేశములలో అవి జీవనావసరములలో చేరిపోయినవి.

టొరంటోలోనో, మాంట్రియల్‌లోనో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఈ మార్పిడియే క్రొత్త. దాని వెంట వచ్చు చిక్కు మఱింత క్రొత్త. టైర్లు మార్పించుకొని హైవే ఎక్కినంతనే స్టీరింగు చేతిలో ఆడుట మొదలిడును. మఱునాడు అదే దారిని అదే వేగమున పోయినను ఏమియు నుండదు. నాలుగు దినములైన పిమ్మట మరల కనబడి, షెడ్డునకు తీసికొనిపోవు వేళకు అంతర్ధానమగును. మెకానిక్కు పక్కన కూర్చుండి చూచి, బండి బాగుగనే ఉన్నదనును; లేదా చక్రములను మఱియొకసారి బ్యాలెన్సింగు చేసి పంపును. హైదరాబాదులోను, విజయవాడలోను స్టీరింగు వణకినదన్నంతనే "అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు చేయించండి" అను సలహాకు అలవాటుపడిన చెవులకు ఆ మాట సరిగానే తోచును. కాని అలైన్‌మెంటు తప్పినందున టైర్లు ఏటవాలుగా అరుగును, బండి ఒక పక్కకు లాగును. అదురు పుట్టుట అరుదు. ఇక బ్యాలెన్సింగు యంత్రము చెప్పు సాక్ష్యము ఎంతవఱకు నమ్మదగినదో ముందు చూతము. నిత్యముగా నుండు కంపము కంటె వచ్చిపోవు కంపమే పట్టుకొనుటకు దుర్లభమని సామాన్యాభిప్రాయము. నాకు తోచినంతవఱకు సత్యము దీనికి విపర్యయముగా నున్నది. అది ఎప్పుడు పుట్టుచున్నది, ముఖ్యముగా ఎప్పుడు మాయమగుచున్నది అను రెండు సంగతులను శ్రద్ధగా గుర్తించినవానికి, నిత్యకంపము ఎన్నటికిని చెప్పని రహస్యములను వచ్చిపోవు కంపము తానుగా చెప్పును.

విచారణకు పూర్వము ఒక పని కలదు. దానిని ఒక్క పూటయైనను వాయిదా వేయరాదు. చక్రపు నట్లను చూచుకొనవలెను. సీజను మొదటి మంచు కురిసిన వారములో టైర్ల దుకాణములు కిటకిటలాడును. ఆ తొందరలో గాలి గన్నుతో నట్లను ఒకటి అతిగా, ఒకటి చాలీచాలకుండ బిగించి పంపుట వింత కాదు. కార్లకు సాధారణముగా 100 నుండి 140 న్యూటన్ మీటర్ల బిగువు అవసరము. ఖచ్చితమైన అంకె కారుతో వచ్చిన పుస్తకమున నుండును. టార్కు రెంచితో, ఒకదాని పక్కదానిని గాక ఎదుటిదానిని బిగించుచు పోవలెను. 100 కిలోమీటర్లు నడిపిన పిమ్మట మరల పరీక్షింపవలెను. వదులైన చక్రము ఇచ్చు అదురు కూడ వచ్చిపోవునదే: మలుపులలోను, బ్రేకు వేసినపుడును టకటకమని వినబడి, తిన్నని దారిలో అణగియుండును. ఈ అదురు ముదిరినచో చక్రమే ఊడిపోవును. అందువలన కారణము తెలియని కంపము కనబడినపుడెల్ల ముందు బండిని పక్కకు తీసి నట్లు చూచుట, ఆ పిమ్మటనే ఊహలకు దిగుట మంచిది.

నట్లు బిగువుగా నున్నవని తేలిన పిమ్మట చక్రము తిరుగు తీరును కొంచెము లెక్కలలో చూడవలసియున్నది. 205/55 ఆర్ 16 అను పరిమాణపు టైరు కిలోమీటరునకు సుమారు 520 చుట్లు తిరుగును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున నది సెకనునకు 14 చుట్లకు పైగా నగును. ఆ చక్రపు అంచున, కేంద్రమునకు 20 సెంటీమీటర్ల దూరమున 30 గ్రాముల బరువు అధికముగా నున్నచో, ఆ వేగమున నది చక్రమును దాదాపు 5 కిలోల బరువుతో సమానమగు బలముతో ప్రతి చుట్టునకు ఒక్కొక్క దిక్కుగా లాగును. వేగము సగమైనచో ఈ బలము నాల్గవ వంతునకు పడిపోవును గనుక, ఊరిలో ఏ బాధయు లేని బండి హైవే మీద వణకుట సహజము. ఇంతియే కాదు. స్ప్రింగుల మీద వ్రేలాడు చక్రమునకు తనదైన ఊపు ఒకటి కలదు. చాల కార్లలో అది సెకనునకు 10 నుండి 15 మార్లు. చక్రపు చుట్లు ఆ ఊపుతో కలిసిన వేగమున కంపము పెచ్చరిల్లి, ఆ వేగమును దాటగనే తగ్గును. గంటకు 100 వద్ద వణకిన బండి 120 వద్ద నిలకడగా నున్నదనగా దోషము తొలగినదని కాదు. తీవ్రమైన చలిలో సస్పెన్షను రబ్బరు బుష్షులును, షాక్ అబ్జార్బరులోని నూనెయు చిక్కబడి ఆ ఊపును కొంత మార్చును. ఒకే లోపము మైనస్ 20 నాడు ఒక తీరునను, సున్న నాడు మఱియొక తీరునను చేతికి తెలియుటకు ఇదియు నొక హేతువు.

చలిదేశములకే ప్రత్యేకమైన కారణములు రెండు కలవు. మొదటిది మంచే. తడిమంచు రిమ్ము లోపలి గోడకు అంటుకొని రాత్రి గడ్డకట్టినచో, 200 గ్రాముల గడ్డ ఒక్కటి చాలు: పై లెక్క ప్రకారమే హైవే వేగమున అది దాదాపు 30 కిలోల బలముతో కొట్టును. డ్రైవరు భయపడి షెడ్డునకు పోవును. అచటి వెచ్చదనమున గడ్డ కరిగి నేలపై నీరగును. బ్యాలెన్సింగు యంత్రము సున్న చూపును. ఇట్టి దినమున చేయవలసినది చక్రమును విప్పుట కాదు, వంగి రిమ్ము వెనుకవైపు చూచి, గడ్డను కఱ్ఱతోనో వేడినీటితోనో వదల్చుట. రెండవది టైరు చదునుబడుట. వేడిగా ఆగిన టైరు, రాత్రంతయు బరువు క్రింద ఒకే చోట నొక్కుకొని చల్లారినపుడు ఆ భాగము ఆకారము తప్పి ఉదయమున చదునుగా నుండును. లోపలి నైలాను పోగులు చల్లబడి ఆ ఆకృతినే పట్టుకొనుట దీనికి కారణము. చలికి టైరులోని గాలి ఒత్తిడియు ప్రతి 10 డిగ్రీలకు సుమారు 1.5 పౌన్ల చొప్పున తగ్గును గనుక ఆ చదును మఱింత విశాలమగును. ఈ అదురు బయలుదేరినంతనే మొదలై, టైరు వేడెక్కిన కొలది 15, 20 కిలోమీటర్లలో సన్నగిలి పోవును. ప్రతి చలి ఉదయమునను ఇట్లే జరుగుచు, దారిలో నిశ్శేషముగా తొలగుచున్నచో గాలి సరిచూచుకొని ఊరకుండవచ్చును. వేసవి యంతయు టైర్లను బరువు క్రింద నలిగి యుండునట్లు దాచినచో కలిగిన చదును మాత్రము ఇంత సులువుగా పోదు.

ఇంకొక విధమైన రాకపోకలు కలవు. ఈ సమస్తవిషయములో నన్ను మిక్కిలి ఆకర్షించిన దిదియే, పనివారిలో పెక్కురు గమనింపనిదియు నిదియే. ఒకే వేగమున, తిన్నని దారిలో పోవుచుండగా కంపము మెల్లగా హెచ్చి, మెల్లగా తగ్గి, మరల హెచ్చును. ఎడమ చక్రమునందును కుడి చక్రమునందును చెరికొంత దోషమున్నదనుకొందము. అరుగుదలలోనో గాలిలోనో తేడా వలన ఒక టైరు చుట్టుకొలత రెండవదానికంటె 500లో ఒక వంతు తక్కువ, అనగా సుమారు 4 మిల్లీమీటర్లు తక్కువ యైనచో, 500 చుట్లలో అది రెండవదానికంటె ఒక్క చుట్టు అదనముగా తిరుగును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున దానికి పట్టు కాలము 35 సెకన్లు. అందు కొంతసేపు రెండు దోషములు ఒక్కమారుగా పైకి లేచి ఒక్కమారుగా క్రిందికి దిగును, అప్పుడు సీటును నేలయు అదరును. కొంతసేపు ఒకటి పైనుండగా ఒకటి క్రిందనుండును, అప్పుడు స్టీరింగు ఇటునటు ఆడును. శ్రుతి ఇంచుక తప్పిన రెండు తంబురా తీగెలను కలిపి మీటినపుడు నాదము ఉబ్బి తగ్గుచు వినబడునే, ఇదియు సరిగా అదే. మలుపు తిరిగినపుడు బయటి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవును గనుక, 40 డిగ్రీలకు లోపడిన వంపు ఒక్కటియే కలిసియున్న దోషములను ఎదురెదురుగా నిలుపుటకు చాలును. ఒక మలుపు దాటిన పిమ్మట స్టీరింగు వణకుట మాని సీటు వణకినదని చెప్పు యజమానిని నమ్మక, అది భ్రమయని త్రోసివేయు మెకానిక్కు తన చేతికి వచ్చిన ఉత్తమ సాక్ష్యమును పోగొట్టుకొనుచున్నాడు. ఈ హెచ్చుతగ్గులు గడియారమునకు అందునట్లు వచ్చుచున్నచో దోషము ఒక చక్రమున గాక రెంటను ఉన్నదని నిశ్చయింపవచ్చును.

ఇక చక్రము హబ్బుపై కూర్చుండు చోటు. శీతకాలమునకై వేఱుగా కొను రిమ్ములు చాలవఱకు అనేకవిధములైన కార్లకు సరిపడునట్లు నడిమి రంధ్రమును పెద్దది చేసి పోసినవి, 73.1 మిల్లీమీటర్ల రంధ్రము వానిలో సర్వసాధారణము. హోండా హబ్బు 64.1, హ్యుందాయ్ హబ్బు 67.1 మిల్లీమీటర్లు. నడుమ మిగిలిన ఖాళీని పూరించుటకు ప్లాస్టిక్కుతోనో అల్యూమినియముతోనో చేసిన ఉంగరమొకటి వేయుదురు. చక్రములు మార్చునపుడు ఈ ఉంగరము పాత చక్రమునందే ఇఱుకుకొని గాదెలోనికి పోవుట, చలికి పగిలి సగమే మిగులుట తఱచుగా జరుగును. ఉంగరము లేనిచోట చక్రమును మధ్యకు తెచ్చు భారము నట్ల కొసలదే. బండిని జాకీపై ఉంచి, చక్రమునకు బరువు తగులకమునుపే ఓపికగా బిగించినచో అవి ఆ పనిని కొంతవఱకు నెఱవేర్చును, నేలకు దించి బిగించినచో చక్రము ఇంచుక క్రిందికి జాఱిన స్థితిలోనే నిలిచిపోవును. టైరుతో కలిసి 20 కిలోల తూగు చక్రము కేంద్రమునుండి 0.3 మిల్లీమీటర్లు తొలగినచో, రిమ్ము అంచున 30 గ్రాముల బరువు తగిలించినంత ఫలము. ఆ 30 గ్రాములు ఏమి చేయునో పైన చూచితిమి. యంత్రము దీనిని కనుగొనజాలదు. ఏలయన యంత్రముపై చక్రమును శంకువుతో నడిమి రంధ్రమునుండి పట్టి సరిగా మధ్యకు తెత్తురు, కారుపై ఆ మధ్యత్వము లేదు. బ్యాలెన్సింగు చేయించిన పిమ్మట ఒకసారి అదురు పోయి, మఱియొకసారి చేయించగా తిరిగివచ్చినచో, మార్పునకు కారణము బ్యాలెన్సింగు గాక చక్రమును విప్పి మరల బిగించుటయే కావచ్చును.

బాటలపై చల్లు ఉప్పు వలన హబ్బు ముఖము తుప్పు పట్టి పెచ్చులు కట్టును. 140 మిల్లీమీటర్ల వెడల్పుగల ఆ ముఖమున ఒక అంచున 0.2 మిల్లీమీటర్ల పెచ్చు చిక్కుకొన్నచో, టైరు అంచునకు వచ్చుసరికి ఆ వంకర 0.9 మిల్లీమీటర్లగును. నడచిన కొలది పెచ్చు నలిగి నట్టు వదులగుటయు కలదు. హబ్బు ముఖమును, రిమ్ము వెనుక ముఖమును తీగె బ్రష్షుతో రుద్ది మెఱయునట్లు చేయుట పది నిమిషముల పని. దుకాణములవారు దీనిని తఱచు విడిచిపెట్టుట విచారకరము.

టైరును రిమ్ముపై ఎక్కించుటలో జరుగు పొరపాట్లు కంటికే తెలియును. టైరు పక్కగోడపై, రిమ్ము అంచును ఆనుకొని, వలయాకారముగా సన్నని గీత యొకటి పోతపోసియుండును. ఆ గీతకును లోహపు అంచునకును నడుమనున్న దూరము చుట్టును ఒకే తీరున ఉండవలెను. ఒకచోట గీత లోపలికి దాగినచో టైరు అక్కడ పూర్తిగా కూర్చుండలేదని అర్థము. గాలి తీసి, సబ్బునీరు పూసి, మరల నింపినచో చాలవఱకు సర్దుకొనును. ఆ సబ్బునీరే మఱియొక చిక్కును తెచ్చును: అది ఆఱకముందే బండిని గట్టిగా ముందుకు దూకించినచో, గట్టిగా బ్రేకు వేసినచో రిమ్ములో టైరు జాఱి కొంచెము తిరుగును, బిగించిన బరువులు అక్కడనే యుండును, బరువైన చోటు మాత్రము కదలిపోవును. ఎక్కించిన నాడే వాల్వు ఎదుట టైరుపై సుద్దముక్కతో నొక గీత గీసినచో, వారము పిమ్మట ఆ గీత ఎక్కడ ఉన్నదో చూచి సందేహము తీర్చుకొనవచ్చును. చల్లని, మురికి రిమ్ముకు అతికించిన బరువులు ఊడిపోవుటయు నిట్టిదే. ఊడినచోట దీర్ఘచతురస్రాకారపు శుభ్రమైన మచ్చ మిగిలియుండును.

బరువు సమముగా నున్నంతమాత్రాన చక్రము గుండ్రముగా నున్నదని చెప్పజాలము. కోడిగ్రుడ్డువలె ఇంచుక సాగిన టైరునకు సైతము బరువులు అతికించి యంత్రముపై సున్న తేవచ్చును. బాటపై నది చుట్టునకు రెండుమార్లు బండిని ఎత్తి దించుచునే యుండును. డయలు గేజితో చూచినపుడు చక్రపు ఎత్తుపల్లములు 1.5 మిల్లీమీటర్లు మించినచో అనుమానింపవలెను. గుండ్రముగానే యుండి, ఒకవైపు మెత్తగను ఒకవైపు గట్టిగను ఉన్న టైరు గేజికిని దొరకదు. దానిని పట్టుటకు రోలరును టైరుపై ఒత్తి త్రిప్పి బలమును కొలుచు యంత్రములు కలవు. వచ్చిపోవు కంపమునకై దుకాణమును ఎన్నుకొనువారు ఆ యంత్రము కలదా అని ముందే అడుగుట మేలు. అట్టి టైరును రిమ్ముపై సగము చుట్టు త్రిప్పి ఎక్కించినచో, టైరు ఎత్తు రిమ్ము పల్లముతో కలిసి దోషము తగ్గుట కద్దు.

టైరుతో సంబంధము లేనివానిని త్వరగా దాటవచ్చును. బ్రేకు వేసినపుడు మాత్రమే వచ్చు అదురు డిస్కులది. నట్లను అసమానముగా బిగించుట డిస్కును వంచి ఈ దోషమునకు దారితీయును, డిస్కు మందములో 0.02 మిల్లీమీటర్ల తేడా సైతము పాదమునకు తెలియును. యాక్సిలరేటరు త్రొక్కినపుడు వచ్చి, వదలినపుడు పోవునది ముందు చక్రములను త్రిప్పు ఇరుసు లోపలి జాయింటుది. శీతకాలపు దిమ్మెలు బాటపై చేయు గుయ్యిమను శబ్దమును కొందఱు కంపమని తలతురు. అది స్టీరింగును ఆడింపదు. "శీతకాలపు టైర్లు అంతే, అలవాటు పడవలెను" అను మాట ఆ శబ్దము మట్టునకే సత్యము. చేతిలో స్టీరింగు వణకుచుండగా ఆ మాటతో సంతుష్టి చెందరాదు.

కావున పరీక్షకు నేను ఎంచుకొను క్రమమిది. పక్కన కూర్చున్నవారి చేత వేగము, బయటి చలి, బయలుదేరి ఎంతసేపైనది, మంచు ఉన్నదా లేదా, కంపము స్టీరింగున ఉన్నదా సీటున ఉన్నదా అను సంగతులను వ్రాయింపవలెను. స్టీరింగు అదిరినచో ముందు చక్రములను, సీటు అదిరినచో వెనుక చక్రములను మొదట శంకింపవచ్చును. చేతి ఫోనులోని కంపమాపకమును వాడినచో ఇంకను నిష్కర్షగా తెలియును: గంటకు 100 వద్ద సెకనునకు 14, 80 వద్ద 11 లేక 12 అను అంకెలు కనబడినచో దోషము చక్రమునది, దానికి రెట్టింపైనచో ఆకారము తప్పిన టైరుది, గేరు మార్చగా అంకె మాఱినచో ఇంజనుది. పిమ్మట ముందు చక్రములను వెనుకకును, వెనుకవానిని ముందునకును మార్చి చూడవలెను. టైర్లపై తిరుగు దిశను చూపు బాణపు గుర్తు ఉన్నచో ఎడమవి ఎడమనే, కుడివి కుడినే ఉండవలెను. కంపము చోటు మాఱినచో అది చక్రముతో కూడ ప్రయాణించినది. మాఱనిచో హబ్బులోనో, స్టీరింగు కీళ్లలోనో యున్నది. సందేహము ఇంకను తీరనిచో, మంచు లేని పొడిదినము చూచి వేసవి చక్రములనే మరల బిగించి అదే దారిని పోవలెను. ఈ ఒక్క ప్రయోగము చేయకుండ నాలుగు టైర్లను మార్చుటకు డబ్బు చెల్లించుట నాకు సమ్మతము కాదు.

వీనిలో దేనికిని లొంగక, దినదినమునకు హెచ్చుచు, నెమ్మదిగా పోవునపుడు సైతము బండిని అటునిటు తూగించు కంపమొకటి మిగిలియున్నది. అది టైరు లోపలి ఉక్కుతీగెల పొర విడిపోవుచున్నదనుటకు గుర్తు. చక్రమును పైకెత్తి మెల్లగా త్రిప్పి, దిమ్మెల వరుస ఒకచోట పక్కకు వంగినదా, ఉబ్బినదా అని చేతితో తడవి చూచినచో తెలియును. అట్టి టైరును బ్యాలెన్సింగు చేయింపరాదు, స్పేరుగానైనను ఉంచుకొనరాదు. ఆ క్షణముననే విప్పించి, దుకాణమునకు దానిపై నడపక వేఱొక చక్రముతో పోవలెను.